నాలుగు వందల గ్రాముల కోసం టన్ను రాయి

పోయిన నెల మండల కమిటీ సమావేశం ఎజెండాలో యురేనియం అన్న మాట చూడగానే ఒక సభ్యుడు లేచి నిలబడ్డాడు. "ఎల్లారెడ్డిపేటల యురేనియం ఏడున్నదన్నా? కాంటాలు లేటయితున్నయి, యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టవడితిమి. మనకెందుకీ ముచ్చట?" అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ప్రశ్న మాత్రం అడగాల్సిందే. ఆ రోజు టైము చాలక ఇవ్వలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాం.

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీస్ మెమొరాండం ఇచ్చింది. యురేనియం లాంటి అణు ఖనిజాల గనులకు, కీలక ఖనిజాలని పేరు పెట్టిన మరో 24 రకాల గనులకు ఇకమీదట ప్రజాభిప్రాయ సేకరణ అక్కర లేదని అందులో ఉంది. గని ఎంత చిన్నదైనా సరే, అనుమతి ఢిల్లీలోనే తేలుతుంది. రక్షణ శాఖ, అణుశక్తి శాఖ అడిగాయి, పర్యావరణ శాఖ ఇచ్చేసింది. ఇందుకోసం పార్లమెంటులో బిల్లు పెట్టలేదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాల కోసం ఉంచిన ఒక మినహాయింపును పట్టుకొని కాగితం మీద కాగితం పెట్టి పని ముగించారు.

ఊళ్లో షామియానా వేసి, కలెక్టరును కూర్చోబెట్టి, రైతు చేతికి మైకు ఇచ్చే రోజు ఒకటి ఉండేది. ఆ రోజు రైతు మాట్లాడిందంతా రాసుకొని ఫైలులో పెట్టాలి, వీడియో తీయాలి. ఆ విచారణలు ఎట్లా జరుగుతాయో మనకు తెలుసు. పోలీసులే సగం మంది ఉంటారు, ముందు వరుసలో కంపెనీ మనుషులుంటారు. అయినా అది మన మాట రికార్డుకెక్కే చోటు. ఇప్పుడు ఆ చోటే లేదు. ఈ జాబితాలో గ్రాఫైట్ ఉంది, లిథియం ఉంది, టంగ్‌స్టన్ ఉంది. ఏ రాయి ఏ ఊరి కింద ఉందో సర్వేలు చేసేది వాళ్లు. అందుకే ఇది నల్లమల ముచ్చట మాత్రమే కాదు.

ఇక ఆ లోహం సంగతి. మనకు తెలియకపోతే అధికారి చెప్పిందే వేదం అవుతుంది కాబట్టి ఇది కొంచెం వివరంగానే రాస్తున్నాం.

యురేనియాన్ని 1789లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త క్లాప్‌రోత్ కనిపెట్టాడు. అది తనంతట తాను కిరణాలు విడుస్తుందని 1896లో ఫ్రాన్సులో బెకరెల్ గుర్తించాడు. సీసం కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. అరుదైన లోహం అంటారు గానీ భూమి పొరలో వెండి కన్నా ఎక్కువే ఉంటుంది. ఒక్కచోట కుప్పగా దొరకడమే అరుదు. మన కాళ్ల కింది గ్రానైట్ రాయిలో కూడా టన్నుకు మూడు నాలుగు గ్రాములు ఉండడం మామూలు సంగతే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

సహజ యురేనియంలో 99 శాతానికి పైగా 238 రకం. దాని సగం తరగడానికి దాదాపు 450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. రియాక్టరులో మండేది 235 రకం, అది నూటికి ముప్పావు వంతు కూడా ఉండదు. అంత నిదానంగా తరిగే యురేనియం నుంచి వచ్చే కిరణాలు బలహీనం. అల్ఫా కిరణాలను కాగితం కూడా ఆపుతుంది. "చేతిలో పట్టుకున్నా ఏం కాదు" అని అధికారులు చెప్పే మాట ఇక్కడి నుంచి వచ్చిందే, అది అబద్ధం కూడా కాదు. కానీ సగమే నిజం. యురేనియం ఒంటరిగా ఉండదు, దాని వెంట దాని సంతానమంతా ఉంటుంది. అది తరుగుతూ థోరియం అవుతుంది, ఆ తర్వాత రేడియం, రేడాన్ వాయువు, పొలోనియం, చివరికి సీసం. రేడియం ఒంట్లోకి పోతే సున్నం అనుకొని ఎముక దాన్ని దాచుకుంటుంది. రేడాన్‌ను పీల్చితే ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారి తీస్తుంది. ఇవేవీ కాకున్నా, నీళ్లలో కలిసిన యురేనియం మూత్రపిండాలకు విషమే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దంది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు మాత్రం 60 దాకా ఫర్వాలేదంది. మనిషి కిడ్నీ ఒక్కటే, కొలతలు మాత్రం రెండు.

రాయి నుంచి యురేనియం ఎట్లా తీస్తారో చూడాలంటే కడప జిల్లా పోవాలి. వేముల మండలం తుమ్మలపల్లె. పులివెందుల పక్కనే. 2007లో శంకుస్థాపన చేశారు, 2012 నుంచి కర్మాగారం నడుస్తోంది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నడిపే ఈ కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. ఆ రాయిలో యురేనియం ఎంత? వందకు 0.04 పాళ్లకు అటూ ఇటూ. అంటే టన్ను రాయికి 400 గ్రాములు. కెనడాలో సిగార్ లేక్ అనే గని ఉంది, అక్కడ టన్నుకు వంద కిలోలు దాటుతుంది. ఆ కొలతలో చూస్తే తుమ్మలపల్లెది వట్టి రాయి. రోజుకు మూడు వేల టన్నులు నమిలితే చేతికొచ్చేది కష్టం మీద ఒక టన్ను. మిగిలిన రాయంతా పిండి చేసి బురదగా వదలాల్సిందే. ఆ బురదతోపాటే యురేనియం సంతానం కూడా అక్కడే మిగులుతుంది. ముడి ఖనిజంలో ఉండే అణుధార్మికతలో దాదాపు 85 శాతం వ్యర్థంలోనే ఉండిపోతుంది. వాళ్లు తీసుకుపోయేది పసుపు పొడి. మనకు మిగిలేది ఈ బురద.

రైతుగా మనం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1967 నుంచి యురేనియం తీస్తున్నారు, అక్కడ గంధకామ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె రాయి సున్నపు జాతిది, ఆమ్లం పోస్తే రాయే ఆమ్లాన్నంతా తాగేస్తుంది. అందుకని ఇక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో పిండిరాయిని వేసి, వేడి చేసి, ఆక్సిజన్ ఒత్తిడి పెట్టి యురేనియాన్ని కరిగిస్తారు. తర్వాత కాస్టిక్ సోడా పోస్తే సోడియం డైయురనేట్ అనే పసుపు పొడి అడుగుకు దిగుతుంది.

సోడియం కార్బొనేట్ అంటే ఏదో కొత్త రసాయనం కాదు. మనం సౌడు అంటామే, అదే. మన చాకలివాళ్లు వెనకట బట్టలకు వాడిన సౌడు మన్నులో ఉండేది ఈ జాతి ఉప్పే. సౌడు పట్టిన మడి ఎట్లా ఉంటుందో ఎల్లారెడ్డిపేట రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. పైన తెల్లగా పొరగడుతుంది, నీళ్లు ఇంకవు, నాటేసిన మొక్క పసుపుబారి అట్లే నిలబడిపోతుంది. అంటే అణుధార్మికత మాట పక్కన పెట్టినా సరే, ఆ బురద చెరువు నుంచి నీళ్లు భూమిలోకి దిగితే చుట్టుపక్కల బోర్లకు సౌడు ఎక్కుతుంది. రేడియేషన్ కొలిచే మిషను పట్టుకొచ్చి "చూడండి, ముల్లు కదలలేదు" అని చూపించే అధికారిని, ఆ నీళ్లలో సోడియం ఎంతో చెప్పమని అడగాలి.

తుమ్మలపల్లె బురదను కె.కె. కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌లోకి పైపులో పంపుతారు. ఆ పక్క ఊళ్ల రైతులు ఏళ్లుగా చెప్తున్నది ఇదే: బోరు నీళ్లు మారాయి, అరటి తోటలు ఎండుతున్నాయి, పశువులు ఆ నీళ్లు ముట్టడం లేదు, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయి. చెరువు అడుగున నీళ్లు ఇంకకుండా వేయాల్సిన పొర విషయంలో అనుమతి షరతు పాటించలేదని ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలే ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. ఈ నోటీసు సంఘాలు అల్లిన కథ కాదు, ప్రభుత్వ మండలి రాసిన మాట. సంస్థ మాత్రం అంతా పరిమితుల్లోనే ఉందంటోంది.

"మీ నీళ్లలో యురేనియం ఉంటే అది భూమిలో సహజంగా ఉన్నదే, మా చెరువుది కాదు." ఇది వాళ్ల పెద్ద వాదన. గ్రానైట్‌లో టన్నుకు మూడు నాలుగు గ్రాములు అని పైన అన్నది ఇందుకే. సహజంగా ఉండే మాట నిజమే. తెలంగాణ, రాయలసీమల్లో చాలా లోతు బోర్లలో రాతి నుంచి కొంత యురేనియం దిగుతుంది. ఆ మాటకొస్తే నల్లగొండ ఫ్లోరైడ్ కూడా రాతి నుంచి దిగిందే. మరి ఏది సహజం, ఏది చెరువు నుంచి ఊరింది అని తేల్చేదెట్లా? గని తవ్వక ముందు ప్రతి ఊళ్లో, ప్రతి బోరులో కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాసి పెడితే తేలుతుంది. ముందు కొలవకుండా, కొలిచినా చూపకుండా, తోట ఎండినాక వచ్చి "ఇది సహజం" అంటే, ఎవుసం తెలిసినవాడు నమ్మడు. భూమి కొలిపించకుండా హద్దు రాయి పాతినట్టే ఉంటుంది అది.

మనవైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. గని చుట్టూ వచ్చే ప్రతి జబ్బునూ యురేనియం ఖాతాలో రాయడం, వాట్సాప్‌లో ఎక్కడివో పిల్లల ఫొటోలు పంపడం మన కొట్లాటకు చెరుపు చేస్తుంది. ఒక్క ఫొటో తప్పని తేలితే వంద మంది రైతుల అర్జీలు చెత్తబుట్టలో పడతాయి. మన దగ్గర ఉన్న నిజాలే చాలినంత బరువున్నవి.

ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ రైతులు ఈ పోరాటం మనకన్నా ముందే చేశారు. నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున లంబాపూర్, పెద్దగట్టు. అక్కడ గని తవ్వి, కర్మాగారం మరోచోట పెడతామన్నారు. 2003 ఆగస్టులో పెద్దగట్టులో విచారణ పెట్టారు. తండాల జనం, చుట్టుపక్కల ఊళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు కలిసి నిలదీశారు. కర్మాగారాన్ని మల్లాపూర్ నుంచి దేవరకొండ వైపు శేరిపల్లికి మార్చారు. 2005 మార్చిలో అక్కడా విచారణ జరిగింది. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే అక్కంపల్లి జలాశయం దగ్గర యురేనియం శుద్ధి ఏమిటని జనం అడిగారు. తర్వాత కేంద్రం అనుమతి కాగితం ఇచ్చింది, కానీ ఆ గని నేటికీ తెరుచుకోలేదు. ఆ రెండు విచారణలు జరగకపోతే సాగర్ నీళ్లు తాగే పట్నపోళ్లకు ఆ ఊరి పేరు కూడా తెలిసేది కాదు. విచారణలంటే ఢిల్లీకి ఎందుకు కంటగింపో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

2019లో నల్లమల వంతు వచ్చింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో, అంటే ఇరవై వేల ఎకరాలకు పైగా, యురేనియం వెతకడానికి ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు రోడ్డెక్కారు, ఊళ్లు బందులు పాటించాయి, నల్లమలను కాపాడాలని సినిమావాళ్లు కూడా గొంతు కలిపారు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం పెట్టింది ఎవరో కాదు, మన సిరిసిల్ల ఎమ్మెల్యే, అప్పటి మంత్రి కె. తారక రామారావు. ఎల్లారెడ్డిపేట ఓట్లు కూడా ఆ తీర్మానం వెనుక ఉన్నాయన్నమాట. కాబట్టి మనకెందుకు అనే హక్కు మనకు అప్పుడే పోయింది.

కానీ తీర్మానం చట్టం కాదు. అణు ఖనిజాల మీద పెత్తనం కేంద్రానిది. అప్పుడు ప్రతిపక్షంలో ఉండి అఖిలపక్షం పిలిచి నల్లమల కోసం గట్టిగా మాట్లాడిన కాంగ్రెస్ పార్టీయే ఇవాళ రాష్ట్రంలో అధికారంలో ఉంది. అప్పటి పాలకపక్షం ఇప్పుడు ప్రతిపక్షం. రెండు పార్టీలకూ ఒకే పరీక్ష పెడదాం: 2025 సెప్టెంబరు మెమొరాండం రద్దు చేయాలని శాసనసభలో ఇంకో తీర్మానం చేయండి. 2019లో చేతులెత్తినవాళ్లకు ఇప్పుడు ఎత్తడం బరువు కాకూడదు. పక్క రాష్ట్రంలో 2024 చివర కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లు కదిలితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆగమనాల్సి వచ్చింది. కప్పట్రాళ్లలో అది వెతుకులాట దశలోనే ఆగింది. అంటే ఎంత ముందు మేలుకుంటే అంత మంచిది.

చెరువు కట్ట ముచ్చట మనకన్నా ఎవరికి బాగా తెలుసు? కాకతీయులు కట్టిన రామప్ప చెరువు ఎనిమిది వందల ఏళ్లుగా నిలిచింది. గొప్పే. కానీ మధ్యలో ఎన్ని తరాలు ఆ కట్ట మీద మట్టి పోస్తే అది నిలిచింది? మన ఊరి చెరువులకు గండి పడని వానకాలం ఎన్నడన్నా ఉందా? ఇప్పుడు ఆ బురద చెరువు లెక్క చూడండి. రేడియం సగం తరగడానికి 1,600 ఏళ్లు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో శాతవాహనులు ఉన్న కాలంలో పాతిపెట్టిన రేడియంలో ఐదింట రెండు వంతులు ఇవాళ్టికీ మిగిలి ఉండేది. అసలు సంగతి ఇంకా ఘోరం. బురదలోనే ఉండే ఒక రకం థోరియం 75 వేల ఏళ్లకు సగం తరుగుతుంది, అంతకాలమూ అది కొత్త రేడియాన్ని పుట్టిస్తూనే ఉంటుంది. ఆ కట్ట మీద మట్టి పోసేదెవరు? గని ఆయుష్షు ముప్పై నలభై ఏళ్లు. తర్వాత ఆ కట్టకు ఏ శాఖ, ఏ పద్దు? 1979 జూలై 16న అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం చర్చ్‌రాక్ దగ్గర ఇట్లాంటి కట్టే తెగింది. వెయ్యి టన్నులకు పైగా వ్యర్థం, కోట్ల లీటర్ల నీళ్లు వాగులో కలిశాయి. ఆ వాగు నీళ్లు తాగే గొర్రెలు నవాహో ఆదివాసులవి. అమెరికాకే చేతగాని కట్టను కృష్ణమ్మ నెత్తిన కడతామంటే ఒప్పుకునేదెట్లా?

"మరి కరెంటు వద్దా? మోటార్లు దేంతో నడుస్తాయి?" అని అడుగుతారు. అడగనీయండి. కరెంటు విలువ మనకు ఎవరూ నేర్పక్కర లేదు. అర్ధరాత్రి మోటారు పెట్టబోయి పాము కరిచి చచ్చినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. లెక్క మాత్రం చూద్దాం. దేశం కరెంటులో అణు విద్యుత్ వాటా సుమారు 3 శాతం. 2047 నాటికి లక్ష మెగావాట్లు చేస్తామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. దానికి కావాల్సిన యురేనియంలో కొంత ఇప్పటికే కజకిస్థాన్, రష్యాల నుంచి కొంటున్నాం. ప్రపంచంలో తవ్వే యురేనియంలో ఐదింట రెండు వంతులు ఒక్క కజకిస్థాన్‌దే. టన్నుకు నాలుగు వందల గ్రాముల రాయి కోసం నల్లమలను, సాగర్ ఒడ్డును తవ్వడం దేశానికి లాభమా నష్టమా అని లెక్కగట్టేటప్పుడు, ఎండిపోయే తోటల ఖరీదు, వేల ఏళ్లు కట్టను కాపాడే కూలి కూడా అందులో వేయాలి. ఆ రెండు పద్దులు ఏ నివేదికలోనూ మేం చూడలేదు.

ఉద్యోగాలిస్తామంటారు. ఇది మనకు కొత్త పాట కాదు. మిడ్ మానేరు కింద పోయిన ఊళ్లు మన జిల్లావే. కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, చింతలఠాణ. వాళ్లు నీళ్ల కోసం భూములిచ్చారు. ఆ నీళ్లు కనీసం సాటి రైతుల పొలాలకు పారుతున్నాయి. అయినా పరిహారం కోసం, ఇళ్ల కోసం, పిల్లల ఉపాధి కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. నీళ్ల ప్రాజెక్టుకే గతి ఇట్లా ఉంటే, పసుపు పొడి హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీకి పోయి, అక్కడ ఇంధన బిళ్లలై ఏ రాష్ట్రంలోని రియాక్టరుకో చేరే వ్యవహారంలో చెంచు పెంటకు దక్కేదేమిటి? వాచ్‌మన్ కొలువా?

వచ్చే గ్రామసభలో మన మండలంలోని ప్రతి ఊరూ పెట్టాల్సిన తీర్మానం ముసాయిదా మండల కమిటీ దగ్గర సిద్ధంగా ఉంది. అందులో నాలుగు సంగతులున్నాయి. 2025 సెప్టెంబరు 8 మెమొరాండం రద్దు చేసి ప్రజా విచారణను తిరిగి తేవాలి. తుమ్మలపల్లె చుట్టుపక్కల బోర్ల నీళ్లను సంస్థతో సంబంధం లేని ప్రయోగశాలల్లో యురేనియం, సోడియం రెండింటికీ పరీక్షించి, ఫలితాలు తెలుగులో పంచాయతీలకు ఇవ్వాలి. కృష్ణా పరీవాహకంలో కొత్తగా యురేనియం వెతుకులాట ఆపాలి. నాలుగోది మన సొంతానిది: మన మండలంలో తాగడానికి వాడే ప్రతి బోరు నీళ్లనూ ఒకసారి పరీక్ష చేయించి అంకెలు రాసి పెట్టుకోవాలి. రేపు ఏ ఖనిజం పేరుతో ఎవరు వచ్చినా ఆ అంకెలే మన సాక్ష్యం. ముసాయిదా కావాల్సిన గ్రామ కమిటీలు నెలాఖరులోగా మండల కార్యదర్శి దగ్గర తీసుకోవాలి. గ్రామసభలో తీర్మానం చదివిన తర్వాత రిజిస్టరులో రాయించి, సంతకాలయ్యేదాకా అక్కడి నుంచి కదలొద్దు. తీర్మానం నకలు ఒకటి ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి.